చేతి ధమనిని గుండెకు ఇస్తే చెయ్యి పనిచేస్తుందా?

మన ట్రస్టు విద్యార్థి వేతనాల పత్రికలో సాధారణంగా దరఖాస్తుల గడువులు, కోర్సుల వివరాలు, మార్కుల జాబితాలు ఉంటాయి. ఈసారి గుండె ఆపరేషన్ గురించి ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. మన కుటుంబాల్లో తండ్రికో తాతకో బైపాస్ అవసరమైనప్పుడు ఆసుపత్రి కాగితాలు చదివేది చదువుకుంటున్న పిల్లలే. డాక్టరుగారు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చెప్పినదాన్ని ఇంటికి వచ్చి తెలుగులో విప్పి చెప్పేది కూడా వాళ్ళే. ఆ పిల్లలకు విషయం తెలిసి ఉంటే ఇంటిల్లిపాదికీ భయం తగ్గుతుంది. అడగవలసిన ప్రశ్న సమయానికి అడగగలుగుతారు.

నేను డాక్టరును కాను. కామర్సు పట్టా పుచ్చుకొని, బ్యాంకులో క్లర్కుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. 2014లో నాకు బైపాస్ జరిగినప్పుడు నా ఎడమ ముంజేతిలోని ధమనిని తీసి గుండెకు అమర్చారు. 2022లో మా బావగారికి కూడా అదే ఆపరేషన్ అవసరమైంది. ఆయన దర్జీ. ఈ రెండు సందర్భాల్లో డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతులను మీ ముందు పెడుతున్నాను.

"నరం" అనే మాటతో వచ్చిన చిక్కు

బావగారి పెద్దమ్మాయి అప్పట్లో బి.కాం. రెండో సంవత్సరం చదువుతోంది. ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ చేసి, "మామా, నాయన చేతి నరం తీస్తారంట. చెయ్యి పడిపోతే మిషన్ ఎవరు తొక్కుతారు? మా చదువులు ఏమవుతాయి?" అని ఏడ్చింది.

ఆ అమ్మాయి భయంలో సగం "నరం" అనే మాటలోనే ఉంది. మన వాడుకలో నరం అంటే రక్తం పారే గొట్టం, నరం అంటే స్పర్శను మోసే తంతువు, నరం అంటే వేలిని లాగే తాడు కూడా. మూడింటికీ ఒకటే మాట. శరీరంలో మాత్రం మూడూ వేరు.

మొదటిది రక్తనాళం. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయే నాళాన్ని ధమని అంటారు, తిరిగి గుండెకు తెచ్చేదాన్ని సిర అంటారు. రెండవది నాడి. మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞలు, చర్మం నుంచి మెదడుకు స్పర్శ దీని ద్వారానే వెళ్తాయి. మూడవది కండరాన్ని ఎముకకు కట్టే తాడు, దాన్ని డాక్టర్లు టెండన్ అంటారు. చెయ్యి పడిపోవడం అంటే నాడో, టెండనో తెగినప్పుడు జరిగేది. బైపాస్ కోసం తీసేది ఈ రెండింటిలో ఏదీ కాదు. తీసేది ఒక ధమనిని మాత్రమే.

"నరం కాదమ్మా, రక్తనాళం" అని ఫోన్‌లో చెప్పగానే ఆ అమ్మాయి అడిగిన తర్వాతి ప్రశ్న చాలా సరైనది. "అయితే చేతికి రక్తం ఎట్లా మామా?" ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ప్రశ్నకు జవాబు.

చేతి నుంచే ఎందుకు తీస్తారు?

గుండె కండరానికి రక్తం అందించే ధమనులలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైతే, ఆ అడ్డంకిని దాటి రక్తం పోవడానికి ఇంకో నాళంతో పక్కదారి వేయడమే బైపాస్. ఆ నాళాన్ని రోగి శరీరం నుంచే తీసుకోవాలి. అందుకు ముఖ్యంగా మూడు చోట్లున్నాయి. ఛాతీ లోపలి గోడ మీది ధమని, కాలి లోపలివైపు పొడవుగా సాగే సిర, ముంజేతిలో బొటనవేలి వైపున్న రేడియల్ ధమని.

1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనె ఫావలోరో అనే సర్జన్ కాలి సిరతో బైపాస్ చేసి ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. మన దేశంలో తొలి బైపాస్ 1975లో చెన్నై పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా జరిగింది. గుండె ముందుభాగానికి రక్తమిచ్చే ముఖ్యమైన ధమనికి ఛాతీ లోపలి ధమనిని కలపడం ఈనాడు అన్నిచోట్లా ఉన్న పద్ధతి. రెండో, మూడో పక్కదారికి ఏది వాడాలన్నదే ప్రశ్న.

కాలి సిర పొడవుగా దొరుకుతుంది, తీయడం సులువు. కాని సిర తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన నాళం. గుండె దగ్గరి అధిక ఒత్తిడిలో పెడితే ఏళ్ళు గడిచేకొద్దీ గోడ మందమై కొన్ని మూసుకుపోతాయి. ముంజేతి ధమని పుట్టుకతోనే ఒత్తిడికి అలవాటుపడినది, గోడ దళసరి. దాదాపు 18 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు దొరుకుతుంది.

ఈ ధమని చరిత్ర కూడా చెప్పుకోదగినది. 1971లో పారిస్‌లో అలాన్ కార్పెంటియే అనే సర్జన్ దీన్ని మొదట వాడారు. అయితే ఈ ధమనికి ముడుచుకుపోయే గుణం ఎక్కువ. అప్పట్లో అమర్చినవాటిలో చాలా మూసుకుపోయాయని తేలి పద్ధతిని వదిలేశారు. సుమారు పద్దెనిమిదేళ్ళ తర్వాత, మూసుకుపోయిందనుకున్న ఒక పాత రోగి ధమని చక్కగా పనిచేస్తున్నట్టు పరీక్షలో కనబడింది. దాంతో క్రిస్టాఫ్ అకార్, కార్పెంటియే బృందం మళ్ళీ మొదలుపెట్టి 1992లో ఫలితాలు ప్రకటించింది. ఈసారి ధమనిని చుట్టూ ఉన్న కణజాలంతో సహా సుకుమారంగా తీశారు, ముడుచుకోకుండా మందులు వాడారు.

2018లో ఆరు అధ్యయనాలలోని 1,036 మంది రోగుల వివరాలను కలిపి పరిశీలించారు. కాలి సిర కంటే చేతి ధమని పెట్టినవారిలో నాళం తెరిచి ఉండటం ఎక్కువ, గుండెకు మళ్ళీ వచ్చిన ఇబ్బందులు తక్కువ అని తేలింది. 2020లో వచ్చిన పదేళ్ళ ఫలితాలు కూడా అదే వైపు మొగ్గాయి. 2021లో అమెరికా హృద్రోగ వైద్య సంఘాల మార్గదర్శకాలు, ముఖ్యమైన రెండో ధమనికి పక్కదారి వేసేటప్పుడు కాలి సిర కంటే చేతి ధమనే మేలని చెప్పాయి. కనుక డాక్టరుగారు చేతి ధమని మాట ఎత్తితే అదేదో ప్రయోగమని కంగారుపడనక్కరలేదు.

చేతికి ఉన్నది ఒక దారి కాదు, రెండు

భుజం నుంచి మోచేయి దాకా ఒకే పెద్ద ధమని వస్తుంది. మోచేయి దగ్గర అది రెండుగా చీలుతుంది. బొటనవేలి వైపు వెళ్ళేది రేడియల్ ధమని, చిటికెనవేలి వైపు వెళ్ళేది అల్నార్ ధమని. రెండూ మణికట్టు దాటి అరచేతిలోకి వెళ్ళి, అక్కడ ఒకదానితో ఒకటి కలిసి కమానుల్లాగా ఏర్పడతాయి. ఒక కమాను చర్మానికి దగ్గరగా, ఇంకోటి లోతుగా ఉంటుంది. వేళ్ళకు రక్తం ఈ కమానుల నుంచే పోతుంది.

మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది ఇద్దరి పేర్ల మీదున్న "ఐదర్ ఆర్ సర్వైవర్" ఖాతా వంటిది. ఇద్దరిలో ఎవరైనా ఖాతా నడపవచ్చు, ఒకరు లేకపోతే రెండోవారు నడుపుతారు. రేడియల్ ధమనిని తీసేస్తే అల్నార్ ధమని అరచేతి మొత్తానికి రక్తం అందిస్తుంది. ముంజేతి కండరాలకు కూడా దాని కొమ్మల నుంచే రక్తం వస్తుంది.

అయితే ఒక మెలిక ఉంది. అందరి అరచేతుల్లోనూ ఈ కమానులు పూర్తిగా కలిసి ఉండవు. కొందరికి కలయిక సన్నగా ఉంటుంది, కొందరికి ఒక కమాను మధ్యలోనే ఆగిపోతుంది. పాసుపుస్తకం మీద ఇద్దరి పేర్లు కనబడినా, నిజానికి రెండు వేర్వేరు ఖాతాలన్నమాట. అటువంటి చేతి నుంచి ధమని తీస్తే బొటనవేలికి, చూపుడువేలికి రక్తం చాలకపోవచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందు పరీక్ష తప్పనిసరి.

అలెన్ పరీక్ష

1929లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు ఎడ్గార్ అలెన్ ఒక సులువైన పరీక్షను వివరించారు. ఆయన ఉద్దేశం వేళ్ళ రక్తనాళాలు మూసుకుపోయే జబ్బును గుర్తించడం. దానినే కొద్దిగా మార్చి ఈనాటికీ వాడుతున్నారు.

రోగి పిడికిలి గట్టిగా బిగించాలి. డాక్టరు మణికట్టు దగ్గర రెండు ధమనులనూ వేళ్ళతో నొక్కి పట్టుకుంటారు. పిడికిలి విప్పితే అరచెయ్యి తెల్లగా పాలిపోయి కనబడుతుంది. అప్పుడు చిటికెనవేలి వైపు ధమనిని మాత్రం వదులుతారు. కొన్ని సెకన్లలోనే అరచెయ్యంతా, ముఖ్యంగా బొటనవేలి వరకు, ఎర్రదనం తిరిగి రావాలి. అల్నార్ ధమని ఒక్కటే చేతిని పోషించగలదని దాని అర్థం. ఎన్ని సెకన్లు అన్నదానికి ఆసుపత్రిని బట్టి 5 నుంచి 10 సెకన్ల వరకు హద్దు పెట్టుకుంటారు.

ఇది కంటితో చూసి చెప్పే పరీక్ష కనుక అనుమానం ఉన్నప్పుడు మరికొన్ని చేస్తారు. రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ ఒకటి. కరోనా కాలంలో మన ఇళ్ళలోకి వచ్చిన పల్స్ ఆక్సీమీటరును బొటనవేలికి తగిలించి, రేడియల్ ధమనిని నొక్కి, అల అలాగే వస్తుందా అని చూడటం ఇంకొకటి. ఇంట్లో ఈ పరీక్ష చేసుకొని మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు. చేతిని మరీ వెనక్కి విరిచి చాపినా అరచెయ్యి తెల్లగానే కనబడి తప్పుదోవ పట్టిస్తుంది.

మా బావగారి విషయంలో ఈ పరీక్ష విలువ తెలిసింది. ఆయన ఎడమ చేతిలో ఎర్రదనం చాలా ఆలస్యంగా వచ్చింది. డాప్లర్‌లో కూడా అరచేతి కమాను కలయిక సరిగా లేదని తేలింది. కుడి చేతి మణికట్టు ద్వారా అప్పటికే యాంజియోగ్రామ్ చేసి ఉన్నారు. అందుచేత సర్జన్‌గారు చేతుల జోలికి పోకుండా ఛాతీ ధమనితో పాటు కాలి సిర వాడారు. బావగారు మూడు నెలలకు మళ్ళీ మిషన్ ఎక్కారు. పిల్లల చదువు ఆగలేదు. కాలి సిర వాడారంటే తక్కువరకం వైద్యం జరిగిందని ఎవరూ అనుకోకూడదు. ఆయన చేతికి తగిన నిర్ణయం అదే.

ఎవరి చేతి నుంచి తీయరు?

మణికట్టు ద్వారా యాంజియోగ్రామ్ చేసిన చేతి ధమని లోపలి పొర దెబ్బతిని ఉండవచ్చు కనుక దాన్ని సాధారణంగా వాడరు. బైపాస్ పడవచ్చని ముందే అనుమానం ఉంటే, యాంజియోగ్రామ్ ఏ చేతి నుంచి చేస్తారని అడగడం మంచిది.

మూత్రపిండాల జబ్బు ముదిరి డయాలసిస్ అవసరం పడగలవారికి ముంజేతి ధమనిని వీలైనంతవరకు కాపాడతారు. డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపి ఫిస్టులా చేసేది సాధారణంగా అక్కడే. చలికి వేళ్ళు తెల్లబడి నీలిరంగుకు మారే రేనాడ్ వ్యాధి ఉన్నవారికి, ముంజేతికి పెద్ద గాయమో ఆపరేషనో జరిగినవారికి, ధమని గోడలో సున్నం పేరుకున్నవారికి కూడా తీయరు. మధుమేహం ఎక్కువకాలంగా ఉన్నవారిలో ఈ సున్నం పేరుకోవడం కనబడుతుంది. గుండె ధమనిలో అడ్డంకి స్వల్పంగా ఉన్నా చేతి ధమని పనికిరాదు. పాత దారిలోనే రక్తం బాగా పారుతుంటే కొత్త దారి ముడుచుకుపోతుంది. అడ్డంకి తీవ్రంగా ఉన్నచోటే అది నిలుస్తుంది.

ఆపరేషన్ తర్వాత చెయ్యి ఎలా ఉంటుంది?

పట్టు బలం సంగతి ముందు చెబుతాను. సరిగా పరీక్ష చేసి ధమని తీసినవారి పిడికిలి బలాన్ని కొలిచి చూసిన పరిశోధనల్లో, కోలుకున్న తర్వాత చెప్పుకోదగ్గ తగ్గుదల సాధారణంగా కనబడలేదు. వేళ్ళను కదిపే కండరాలు, వాటి నాడులు, టెండన్లు అన్నీ అలాగే ఉంటాయి కనుక ఇది సహజమే. మొదటి వారాల్లో కుట్ల నొప్పి, వాపు వల్ల చెయ్యి బిగుసుకున్నట్టు ఉంటుంది.

నిజంగా వచ్చే ఇబ్బంది తిమ్మిరి. దీని గురించి ముందే తెలుసుకోవాలి. రేడియల్ ధమని పక్కనే రెండు స్పర్శ నాడులు ఉంటాయి. ఒకటి బొటనవేలి వెనుకభాగానికి, దాని పక్కనున్న చేతి వీపుకు స్పర్శనిస్తుంది. రెండోది ముంజేతి బయటివైపు చర్మానికి. ధమనిని వేరుచేసేటప్పుడు ఇవి కాస్త సాగడమో, నలగడమో, రక్తం ఆపడానికి వాడే పరికరం వేడి తగలడమో జరగవచ్చు. దాంతో ఆ భాగంలో మొద్దుబారడం, చీమలు పాకినట్టు ఉండటం, మంట కలుగుతాయి. దెబ్బతిన్న నాడి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని వైద్యులు లెక్క చెబుతారు. కనుక కోలుకోవడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. ఎక్కువమందికి క్రమంగా తగ్గుతుంది. కొందరికి కొద్దిపాటి తిమ్మిరి ఉండిపోతుంది.

నాకు బొటనవేలి వెనుక, ముంజేతి మీద ఎనిమిది నెలలపాటు మొద్దుగా ఉండేది. ఇప్పటికీ బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత చోట స్పర్శ మందంగానే ఉంది. సెలవు ముగిశాక క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నాను. నోట్ల కట్టను పట్టుకునేది ఎడమ చెయ్యి. లెక్కలో తేడా వస్తుందేమోనని మొదటి రోజు భయంగానే ఉండేది. తేడా రాలేదు. కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. నోటును తడిమి చూసే బొటనవేలి మెత్తటి భాగానికి స్పర్శనిచ్చేది వేరే నాడి. అది మణికట్టు నడిమి నుంచి వస్తుంది, దాని పేరు మీడియన్ నాడి. ఈ ఆపరేషన్‌లో దాని జోలికి పోరు. బట్ట పోగు తెలుసుకునేది, కలం పట్టేది, పిండి కలిపేది అన్నీ ఆ మెత్తటి భాగాలతోనే. తిమ్మిరి వచ్చేది చేతి వెనుకవైపు.

అయినా జాగ్రత్త అవసరం. స్పర్శ లేని చోట వేడి గిన్నె తగిలినా, ఇస్త్రీపెట్టె తగిలినా వెంటనే తెలియదు. మధుమేహం ఉన్నవారు రోజూ ఒకసారి ఆ చేతిని చూసుకోవాలి.

ఏ చెయ్యి?

కుడిచేతి వాటం ఉన్నవారికి ఎడమ చేతి నుంచి, ఎడమచేతి వాటం ఉన్నవారికి కుడి చేతి నుంచి తీయడం మామూలు పద్ధతి. కాని "వాటం లేని చెయ్యి" అంటే పనిలేని చెయ్యి అని కాదు. దర్జీ బట్టను నడిపించేది ఎడమ చేత్తోనే. వీణ మెట్ల మీద తీగను నొక్కేదీ ఎడమ చెయ్యే. షోలాపూర్‌లోనో భివండీలోనో మరమగ్గం మీద తెగిన పోగు ముడివేయడానికి రెండు చేతులూ సమానంగా కావాలి. సర్జన్‌గారికి మన గుండె సంగతి పరీక్షల్లో తెలుస్తుంది. మన వృత్తి సంగతి మనం చెబితేనే తెలుస్తుంది. కేసు షీటులో "వృత్తి" అన్నచోట "ప్రైవేటు" అని రాసి ఊరుకోకుండా, చేసే పని ఏమిటో, దానిలో ఏ వేళ్ళ అవసరం ఎంతో నోటితో చెప్పండి.

కోలుకునే రోజుల్లో

పడుకున్నప్పుడు చేతిని దిండు మీద ఎత్తుగా పెట్టుకోవడం, వేళ్ళను మూసి తెరుస్తూ ఉండటం, మణికట్టును మెల్లగా తిప్పడం మామూలుగా త్వరగానే మొదలుపెట్టిస్తారు. బరువులు ఎత్తవద్దనేది చేతి కోసం కాదు, కోసి కలిపిన రొమ్ము ఎముక అతుక్కోవడం కోసం. దానికి రెండు మూడు నెలలు పడుతుంది. ధమని ముడుచుకోకుండా డిల్టియాజెమ్, ఆమ్లోడిపిన్ వంటి మందులు కొన్ని నెలలు ఇవ్వడం ఉంది. బి.పి. బాగానే ఉంది కదా అని వీటిని మనంతట మనం ఆపకూడదు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. గుండెలోని కొత్త దారికీ, చేతికి మిగిలిన ఒక్క దారికీ అది శత్రువే.

వేళ్ళు చల్లబడి తెల్లగానో నీలంగానో మారినా, ముంజెయ్యి రాయిలా బిగిసి నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, కుట్ల దగ్గర చీము, జ్వరం కనబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవి అరుదు, కాని ఆలస్యం చేయదగినవి కావు.

జీవితాంతం గుర్తుంచుకోవలసిన ఒక సంగతి

వైద్యుడు నాడి పట్టుకుని చూసేది బొటనవేలి వైపు మణికట్టు దగ్గర. అక్కడ కొట్టుకునేది రేడియల్ ధమనే. దాన్ని తీసిన చేతిలో నాడి దొరకదు, దొరికినా బలహీనంగా ఉంటుంది. స్పృహలేని స్థితిలో ఉన్న మనిషి ఎడమ చెయ్యి పట్టుకొని "నాడి అందడం లేదు" అని ఎవరైనా కంగారుపడవచ్చు. అలాగే అత్యవసర వార్డులో మణికట్టు ధమని నుంచి రక్తం తీసే పరీక్ష ఒకటి ఉంది. ఆ చేతిలో మిగిలిన ఒకే ధమనికి సూది గుచ్చితే ప్రమాదం. మళ్ళీ యాంజియోగ్రామ్ చేయవలసి వచ్చినా ఆ మణికట్టును వదిలిపెట్టాలి.

అందువల్ల చదువుకున్న పిల్లలు ఒక పని చేయాలి. "బైపాస్ జరిగింది, ఫలానా సంవత్సరం, ఎడమ ముంజేతి రేడియల్ ధమని తీశారు" అని ఒక అట్టముక్క మీద తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ, మీరున్న రాష్ట్ర భాషలోనూ రాసి పెద్దవారి జేబులో ఆధార్ కార్డుతో పాటు పెట్టండి. నా జేబులో అటువంటిది ఉంది.

సంతకానికి ముందు అడగవలసినవి

అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు ఈ ఆరు ప్రశ్నలు కాగితం మీద రాసుకొని వినయంగా అడగండి. మంచి డాక్టరు ఎవరూ వీటికి కోపగించుకోరు.

1. పక్కదారులకు ఏ ఏ నాళాలు వాడుతున్నారు? చేతి ధమని వల్ల మా నాన్నగారికి ఏమి మేలు?
2. రెండు చేతులకూ అలెన్ పరీక్ష చేశారా? డాప్లర్ అవసరమా?
3. యాంజియోగ్రామ్ ఏ చేతి నుంచి చేశారు?
4. ఆయన చేసే పని ఇది. ఏ చేతి నుంచి తీస్తే మంచిది?
5. మూత్రపిండాల పరీక్ష ఫలితం ఎలా ఉంది?
6. తిమ్మిరి వస్తే ఎన్నాళ్ళు చూడాలి? ఎప్పుడు మీ దగ్గరికి రావాలి?

విద్యార్థులకు ఇంకొక మాట

మా బావగారి ఆపరేషన్ సమయంలో ఆయన చుట్టూ డాక్టర్లే కాక ఎంతమంది పనిచేశారో గమనించాను. గుండె, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు చేసే యంత్రాన్ని నడిపేవారు పెర్ఫ్యూజనిస్టులు. కాలి సిరనో చేతి ధమనినో తీయడంలో చాలా ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన ఫిజీషియన్ అసిస్టెంట్ల పాత్ర ఉంటుంది. డాప్లర్ తీసే టెక్నీషియన్లు వేరు. చేతికి, ఊపిరితిత్తులకు వ్యాయామం నేర్పేవారు ఫిజియోథెరపిస్టులు. మెడికల్ సీటు రాలేదని ఇంటర్మీడియట్, ప్లస్ టూ, పి.యు.సి. పూర్తయిన పిల్లలు దిగులుపడి కూర్చుంటారు. ఈ కోర్సులు డిగ్రీ స్థాయిలో మీ రాష్ట్రాల్లోనే ఉన్నాయి. మన ట్రస్టుకు దరఖాస్తు పెట్టేటప్పుడు వీటిని కూడా ఆలోచించండి. తెలుగుతో పాటు స్థానిక భాష ధారాళంగా మాట్లాడగల మన పిల్లలు రోగి మంచం దగ్గర ఎంతో ఉపయోగపడతారు.

ఇక్కడ రాసినది డాక్టరుగారి సలహాకు బదులు కాదు, ఆ సలహాను అర్థం చేసుకోవడానికి మాత్రమే. అవసరమనిపిస్తే ఈ పేజీలను కత్తిరించి ఇంట్లో వైద్యం కాగితాల ఫైలులో పెట్టుకోండి. ఇంకో ఇంట్లో "చేతి నరం తీస్తారంట" అనే మాట వినబడితే వాళ్ళకు చదివి వినిపించండి.